కింది బల్ల మీద తాయిస్తో

మా అన్న తాయిస్తో నోట అవుననో కాదనో తేల్చి చెప్పించినవాళ్ళు మా కువోపియో ఊళ్ళో ఎవరూ లేరు. మా సావో ప్రాంతం వాళ్ళ తీరే అంత. మాట మాది, దాన్ని అర్థం చేసుకునే పూచీ వినేవాళ్ళది. పొయ్యిలు కట్టే మేస్త్రీగా అతనికి ఆ తీరు బాగానే నడిచింది. లిథియం మాత్రలు మింగే రోగిగా మాత్రం చెల్లెలినైన నా ప్రాణం తోడేశాడు.

వయసులో ఉండగా అతనికి ఉన్మాదమూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బు పట్టుకుంది. ఒక వసంతంలో నిద్రాహారాలు మాని, మరమ్మతు చేస్తానంటూ వీధిలో అందరి పొగగొట్టాలూ ఊడదీశాడు. ఇళ్ళ కప్పుల మీద నిలబడి పాటలు పాడాడు. మంచు పడేసరికి మంచం దిగడం మానేశాడు. లిథియం మొదలుపెట్టాకే మనిషి మళ్ళీ మాకు దక్కాడు.

ఏళ్ళు గడిచాక కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. హెల్సింకీ నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ గ్రాన్‌లుండ్ ఆవిరిస్నానాలు తగ్గించమంది. చెమటతో ఒంట్లో నీరూ ఉప్పూ పోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుందని చెప్పింది. మరోసారి వెళ్ళినప్పుడు అడిగింది.

"తగ్గించారా మరి?"

"తగ్గించేవాళ్ళూ ఉంటారు," అన్నాడు తాయిస్తో.

ఆవిడ సంతోషంగా తలూపింది. నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఆవిడకి అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను బయటికి రాగానే.

"ఏది అబద్ధమో చెప్పు హెల్వీ."

ఆ పైన పరిశోధకులొకరు తగిలారు. పీయా అనే అమ్మాయి అతని రక్తం తీసుకుంటూ ఓపిగ్గా వివరించింది. కణం రెండుగా చీలినప్పుడల్లా అందులోని క్రోమోజోముల కొసన ఉండే తొడుగులు కాస్త కాస్త అరుగుతాయట, అలా కణం ముసలిదవుతుందట. ఈ జబ్బున్నవాళ్ళలో అవి తొందరగా అరుగుతాయేమోనని, లిథియం ఆ అరుగుదలను తగ్గిస్తుందేమోనని వాళ్ళ అనుమానం. ఆ 'ఏమో'లన్నీ మా అన్న చెవి బయటే రాలిపోయాయి. మర్నాటికల్లా సంత చౌకులో చేపలు పొదిగిన రొట్టె తింటూ, తన కణాలు కుర్రవని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

"కణాలు కుర్రవైతే ఆ బట్టతల ఎవరిదోయ్?" అన్నాడు పక్కింటి ఆల్పో.

"బట్టతల మా నాన్నది. కణాలు నావి."

డాక్టరు మందు మార్చుదామంటే దీన్నే అడ్డం వేసేవాడు. విసిగిపోయి పీయాకి ఫోన్ చేసి, అతనికీ వినపడేలా పెట్టాను. "మేం చూసేది వందలమందిని కలిపి. ఫలానా ఒక్కరి కణాల వయసు చెప్పలేం. అసలు సంగతే ఇంకా ఖాయం కాలేదు," అందా అమ్మాయి.

"కాదని మాత్రం అనలేదుగా," అన్నాడు తాయిస్తో.

ఆ ఏడు నడివేసవి పండగ ఎండలకి తోడు, మూడు పూటలా ఆవిరిస్నానాల గదిలోనే కూర్చున్నాడు. సాయంత్రానికి చేతులు వణికాయి, నడక తూలింది, మాట ముద్దయింది. పండగపూట తూలని మగవాడెవరని ఆల్పో నవ్వుతున్నాడు. మా అన్న ఏనాడో తాగుడు మానేశాడని నాకు తెలుసు కనక అంబులెన్సు పిలిచాను.

తేరుకున్నాక గ్రాన్‌లుండ్ మంచం పక్కన కూర్చుంది. "లిథియం ఆపేస్తున్నాను తాయిస్తో."

కణాల ఊసెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. "ఆపొద్దు," అన్నాడు. "నాకు భయం. అది లేకపోతే నేను నేనుగా ఉండను."

ఆవిడ, మోతాదు తగ్గించి, రక్తం తరచుగా పరీక్షించి చూద్దామంది. స్నానం మాత్రం కింది బల్ల మీద, కాసేపే, పక్కన నీళ్ళు పెట్టుకుని. మాట తప్పితే లిథియం ఉండదంది. ఆవిరి వేడంతా పై బల్ల మీదే; కింది బల్ల మా దగ్గర పసిపిల్లలు కూర్చునే చోటు.

ఒప్పుకున్నాడు. శరత్తు వచ్చేసరికి పరీక్షలో లిథియం మళ్ళీ పెరిగింది. నేను స్నానాల గదిలోకి వెళ్ళి చూడబోతే తల ఠంగున పైకప్పుకి కొట్టుకుంది.

"కప్పు దించావా!"

"వేడి పైకే పోతుందని ఊరుకోమంటావా? నేను కూర్చుంది కింది బల్ల మీదే."

"దించుకో, నీ ఇష్టం. రేపు లిథియం ఆపేశాక ఆ కప్పు మీదెక్కి పాడుదువుగాని!"

అతని మొహం పాలిపోయింది. సుత్తి తెచ్చి, దించిన కప్పు చెక్కపలకలన్నీ ఆ పూటే ఊడదీశాడు.

ఆ తర్వాత పోయేదాకా కింది బల్ల మీదే కూర్చున్నాడు. "ఇది స్నానమా, బస్టాపా?" అని సణగని శనివారం లేదు. కిడ్నీలు కుంటుతూనే నెట్టుకొచ్చాయి. మొన్న ఫిబ్రవరిలో నిమోనియాతో పోయాడు. పోయే ముందు రోజు కూడా కిటికీ తెరవమని నర్సుతో తగువు పెట్టుకున్నాడు. అతని కణాల వయసెంతో ఎవరూ చెప్పలేదు. మనిషి మాత్రం కడదాకా తనుగానే ఉన్నాడు. ఆ మనిషితో వేగడం ఎంత కష్టమో నన్నడగండి.