ఫ్యాను రెగ్యులేటరు మూడు మీద

ఈమధ్య మా వీధిలో కరెంటు పోవడం దాదాపు మానేసింది. శ్రీకాకుళంలో కాపురం చేసి, సాయంత్రమయ్యేసరికి లాంతరు చిమ్నీ తుడిచి గూట్లో పెట్టుకున్న తరం వాళ్లకు ఇది ఎంత పెద్ద విశేషమో నేను వేరే చెప్పనక్కర్లేదు. అలా బల్బు రెప్ప వేయకుండా నిలకడగా వెలుగుతున్న ఒక సాయంత్రమే మా పాత రికార్డు ప్లేయరు పాట మధ్యలో మూలిగి ఆగిపోయింది. కాస్త కాలిన వాసన కూడా వచ్చింది. పళ్లేన్ని వేలితో తిప్పి చూస్తే తిప్పినంత మేర తిరిగి, వేలు తీయగానే ఆగింది. ఇంట్లో మనిషి పోయినప్పుడు నలుగురి ముందు నిబ్బరంగా ఉన్నదాన్ని, ఆ పెట్టె ముందు మాత్రం దీపాల వేళ దాటేదాకా కుళ్లికుళ్లి ఏడ్చాను.

మర్నాడు దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఏడు రోడ్ల జంక్షను దగ్గరకు తీసుకెళ్లాను. అక్కడ ఒకప్పుడు రేడియోలు బాగుచేసినాయన ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు వేస్తున్నాడు. పాత చుట్టం కనబడ్డట్టు ముందు ముచ్చటపడ్డాడు గానీ, అడుగు విప్పి చూశాక తల అడ్డంగా ఊపాడు. "మోటారు కాలిపోనాది మేడం. దీని సామాను ఎక్కడా దొరకదు. ఇంకొగ్గీండి" అన్నాడు. అది ఉత్త పాటల పెట్టె అయితే ఆయనన్నట్టు వదిలేసేదాన్నే. మా అప్ప గొంతు వినడానికి ఈ భూమ్మీద నాకు మిగిలిన దారి అదొక్కటేనని ఆయనకు చెప్పలేక మళ్లీ ఆటో ఎక్కాను.

అప్ప అంటే మా వైపు అక్క. అలాగని అప్ప ఏ రికార్డులోనూ పాడలేదు. నా సెల్‌ఫోనులో ఒక్కసారి పాడమని ఎంత బతిమాలినా "నా గొంతు డబ్బాలో ఎట్టకు" అని మూతి తిప్పుకునేది. అందుకని అప్ప పాట నా దగ్గర లేదు, అప్ప పాడుతున్నప్పుడు వెనకాల తిరిగిన పాట ఉంది. పోయిన వేసవిలో అప్ప వెళ్లిపోయాక రోజూ సాయంత్రం ఆ రికార్డే పెట్టుకునేదాన్ని. ఫలానా మాట దగ్గర అప్ప ముందే అందుకునేది, ఫలానా చోట ఊపిరి చాలక ఆగేది అని గుర్తుపట్టుకుంటూ వింటుంటే, కాసేపటికి ఆ పాట కింద అప్ప గొంతు వినిపించేది. అలవాటు పడిన చెవికి అదేమంత కష్టం కాదు. ఒంటరిగా ఉండే ఇంట్లో అది ఎంత ఆసరానో ఒంటరి వాళ్లకే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం విజయనగరంలో. ఇంటికో వయొలిను, వీధికో మృదంగం అన్నట్టుండే ఊరు అది. ఆడపిల్లకు వంట రాదంటే నేర్చుకుంటుందిలే అనేవారు గానీ, పాట రాదంటే ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. అమ్మ అప్పను గంటస్తంభం వెనక వీధిలో ఉండే పాటల మేష్టారి దగ్గరకు పంపింది. అప్పది లోతైన గొంతు, నూతిలోంచి పిలిచినట్టుండేది. మేష్టారు నాలుగు రోజులు చూసి, ఇది మగగొంతు, పాటకు పనికిరాదు, కావాలంటే చిన్నదాన్ని పంపండి అని కబురు చేశారు. ఆ చిన్నదాన్ని నేనే. అప్పను కాదన్న చోటికి నేనెందుకు వెళ్తానని మంచం కోడు పట్టుకుని మొండికేశాను. అమ్మ వీపు మీద రెండు వేసి ఊరుకుంది. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ పాడలేదు. అప్ప అయితే రోట్లో పప్పు రుబ్బుతూ కూనిరాగం తీయడం కూడా మానేసింది.

అప్పకు పెళ్లయి ఏడాది తిరక్కుండానే బావ జ్వరంతో పోయాడు. అదే రోజుల్లో నాకు శ్రీకాకుళం టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. అప్ప తన కుట్టుమిషను బస్సు మీద వేయించుకుని నా దగ్గరకు వచ్చేసింది. పాత వంతెనకు కాస్త దూరంలో రెండు గదుల వాటా తీసుకున్నాం. నేనెందుకు పెళ్లి చేసుకోలేదని మొదట్లో అందరూ అడిగేవారు. ఇప్పుడెవరూ అడగరు, అడిగే వయసు వాళ్లు మిగల్లేదు. పగలంతా చెవులకు ఆ ఇనుప కమ్మీ తగిలించుకుని "హలో, పాతపట్నమా, గట్టిగా మాట్లాడండి" అని అరిచి అరిచి ఇంటికొచ్చేదాన్నేమో, సాయంత్రానికి నోరు విప్పాలనిపించేది కాదు. అప్పకేమో పగలంతా మిషను చప్పుడుతో సరిపోయేది. ఇద్దరికీ కాస్త మంచి శబ్దం చెవిన పడాలనిపించి, ఒక దసరాకి సూట్‌కేసులా మూత ఉండే రికార్డు ప్లేయరు కొనుక్కున్నాం.

మా వీధి చివర రైసు మిల్లు ఉండేది. సాయంత్రం దాని మోటారు వేయగానే వీధిలో బల్బులన్నీ పండిన నిమ్మకాయల్లా పసుపెక్కిపోయేవి. మేము పాటలు వినేదీ ఆ వేళకే. మా రికార్డుల్లో ఒకావిడ పాడిన పాట ఒకటుంది, రేవులో పడవ కోసం కాచుకుని కూర్చున్న మనిషి పాట. మొదటిసారి విన్నప్పుడు అప్ప గుండీలు కుడుతూ ఆగిపోయింది. ఆవిడ గొంతు మంద్రంగా, బరువుగా, అచ్చం అప్ప గొంతులా ఉంది. వారం తిరక్కముందే అప్ప ఆవిడతో కలిపి పాడటం మొదలుపెట్టింది. మేష్టారు కాదన్న గొంతు అంత హాయిగా పాటలో ఇమిడిపోవడం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ గొంతు కలపబోతే అంత కిందికి అందక గరగరలాడింది. అప్ప నవ్వి "ఒలే సిన్నీ, నువ్వు ఇను, నాను పాడతాను" అంది. మా ఇద్దరి మధ్యా ఆ ఒప్పందం అప్ప బతికున్నన్నాళ్లూ నడిచింది.

ఎప్పుడైనా రేడియోలో అదే పాట వస్తే కాస్త పరుగు మీద ఉన్నట్టుండేది. రేడియో వాళ్లకు వార్తల వేళ ముంచుకొచ్చి తొందరగా తిప్పేస్తున్నారని అప్ప తీర్పు చెప్పేసింది. దినమంతా వైర్ల మీద గొంతులు వినే ఉద్యోగం చేసిన నేను కూడా ఆ తీర్పును నమ్మాను. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది నమ్మేయడం ఆ రోజుల్లో అందరికీ ఉన్న జబ్బే కదా.

కొన్నేళ్లకు ఆ మిల్లు మూతపడింది. అంతే, ఆ వారం నుంచీ మా ప్లేయరుకు ఏదో పట్టినట్టయింది. పాట పైకెక్కి గబగబా సాగింది. అప్ప రెండు మాటలు పాడి, మూడో మాట అందక ఆగిపోయి, "ఈవిడికేటి తొందరొచ్చిందే, రైలుకెల్లాలేటి?" అని కసురుకుంది. మూడు రోజులు ఆ రికార్డు ముట్టుకోలేదు. నేను భయపడి మా ఆఫీసు లైన్‌మేనుని పిలుచుకొచ్చాను. ఆయన ప్లగ్గు చూసి, బల్బు చూసి, తల గోక్కుని, "మిల్లు ఆగిపోనాది కదమ్మా, కరెంటు బలిసిపోనాది. మీ మిషను తట్టుకోలేకపోతన్నాది" అన్నాడు. అటక మీది పాత ఫ్యాను రెగ్యులేటరు దింపి ప్లేయరు వైరుకు మధ్యలో కలిపాడు. శబ్దం కాస్త తగ్గింది గానీ, మూడో నంబరు మీద పెట్టేసరికి పాట మళ్లీ మా ఇంటికొచ్చింది. అప్ప తృప్తిగా గొంతు సవరించుకుంది. ఆ లైన్‌మేను ఆ తరవాత ఎక్కడ కనబడినా "పాటకి ఫేను రెగ్యులేటరు ఎట్టించుకున్నోలు మీరేనమ్మా" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. మిషన్నిలా కాపాడుకుంటున్నామని మాత్రం మనసులో గర్వపడేవాళ్లం.

ఆ మిషనే ఇప్పుడు కాలిపోయింది. నా తమ్ముడి కూతురు ఒకతె విశాఖలో ఉంటుంది, నెలకోసారి ఫోను చేస్తుంది. సంగతి విని నన్ను తిట్టి, ఈసారి నాసిరకంది కొనకూడదు అత్తా, ఎలాగూ కొంటున్నాం కాబట్టి మంచిది కొందాం అని పట్టుబట్టింది. విజయనగరంలో ఒకాయన మేడ మీద గదిలో ఖరీదైన రికార్డు ప్లేయర్లు తెప్పించి, పాటల పిచ్చి ఉన్నవాళ్లకు వినిపించి అమ్ముతాడని ఎక్కడో చదివింది. నా రికార్డును తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని తనతో కలిసి వెళ్లాను. ఆ మేడ గంటస్తంభానికి దగ్గరే. మేష్టారి ఇల్లున్న చోట సెల్‌ఫోను టవరు లేచింది.

ఆయన మర్యాదస్తుడు. "రండమ్మా, కూకోండి" అని పంఖా కింద కుర్చీ వేసి, ఒక్కో మిషనునూ పసిబిడ్డను చూపినట్టు చూపించాడు. అన్నిటిలోకీ గొప్పదట ఒకటుంది, పళ్లెం రుబ్బురోలు పొత్రమంత బరువు, మోటారు అదురు ముల్లుకు తగలకుండా విడిగా పక్కన కూర్చుంది, ముల్లు ఉండే చెయ్యి మాత్రం చీపురుపుల్లంత తేలిక. ఇంట్లో కూర్చుని వినేవాళ్ల కోసమే చేసిందమ్మా, స్పీడు వెంట్రుకవాసి తేడా రాదు అని చెప్పి, నా రికార్డును మెత్తటి బ్రష్షుతో తుడిచి, ముల్లు దించాడు.

అబద్ధమెందుకు, ఒళ్లు ఝల్లుమంది. వయొలిను మీద కమాను ఆనే చప్పుడు, పాట ఎత్తుకునే ముందు ఆవిడ తీసిన ఊపిరి, ఎప్పుడూ వినని గజ్జెల చప్పుడు ఒకటి, అన్నీ గదిలోనే ఉన్నట్టున్నాయి. తరవాత ఆవిడ పాడింది. పాతికేళ్లు కూడా నిండని పిల్ల పాడింది. తేలికైన గొంతు, చలాకీ గొంతు. రేవులో కాచుకుని విసిగిపోయిన మనిషి కాదు, పడవ ఇప్పుడే వచ్చేస్తుందని నమ్మకంగా ఉన్న పిల్ల. నేను కళ్లు మూసుకుని అప్ప కోసం వెతికాను. అప్ప అందుకునే చోటు వచ్చేలోపే పాట దాటిపోయింది. రెండో చరణంలోనూ అంతే. అంత వెలుగున్న పాటలో అప్ప నిలబడటానికి కాస్త నీడ కూడా లేదు. అప్పను రెండోసారి పోగొట్టుకుంటున్నానని భయమేసి, ఆపెయ్యండి బాబూ అని గట్టిగానే అన్నాను.

కొంచెం నిదానంగా తిప్పగలరా అని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. "ఆవిడ పాడింది ఇలాగేనమ్మా. మిషను అబద్ధమాడదు కదా" అన్నాడు. అప్పుడు మిల్లు సంగతి, రెగ్యులేటరు సంగతి చెప్పుకొచ్చాను. మీ పళ్లెం ఇన్నాళ్లూ చాలని కరెంటుతో మెల్లగా తిరిగిందన్నమాట అని ఆయన ముందు నవ్వాడు, అప్ప మాట వచ్చేసరికి నవ్వు ఆపి, గది మూలకు వెళ్లి ఇంకో మిషను మీది గుడ్డ తీశాడు. ఇదీ గట్టిదే, మోటారూ మంచిదే, కానీ పక్కన స్పీడు పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట ఉంది, ఫంక్షన్లలో పాటలు కలిపేవాళ్లు ఎక్కువగా తీసుకెళ్తారు, మీలాంటి వాళ్లకు నేనిది చూపించను అన్నాడు. నా మేనకోడలు మోచేత్తో పొడిచి, "అత్తా, రాజా లాంటిది వదిలేసి పెళ్లిళ్ల మిషను కొంటావా?" అని గొణిగింది.

ఆయన మీట నా చేతికే వదిలేశాడు. మెల్లగా కిందికి జరిపాను. పిల్ల గొంతు బరువెక్కింది, పెద్దదయింది, అలిసింది. ఎంతవరకు జరపాలో చెప్పడానికి నా దగ్గర పాత మిషను లేదు, చెవులు మాత్రమే ఉన్నాయి. ఒకచోట దాటిపోయాను, మళ్లీ వెనక్కొచ్చాను. రెండో చరణం మొదటి మాట దగ్గర, ఆవిడకంటే రవ్వంత ముందు, అప్ప అందుకుంది. అక్కడే అన్నాను. అదే కొన్నాను. గొప్ప మిషను వదిలేసినందుకు నాకు బాధ లేదు, ఆయనకే కాస్త మొహం చిన్నబోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బావుండేది. మిషను వచ్చిన కొన్నాళ్లకు, దుమ్ము తుడుస్తుంటే మీట జరిగి మధ్యలో సున్నా దగ్గరకు వచ్చేసింది. చూసుకోకుండా ముల్లు పెట్టాను. ఆ పిల్ల తన అసలు గొంతుతో ఎత్తుకుంది. కూరలోకి వంకాయలు తరుగుతూ నాకు తెలియకుండానే నేనూ ఎత్తుకున్నాను. గరగర లేదు, అందకపోవడం లేదు. పల్లవి నుంచి చివరిదాకా పాడేశాను. డెబ్బై దాటాక నాకు పాట వచ్చని తెలిసింది. వెంటనే మీటను అప్ప చోటికి జరిపి పాడి చూశాను, గొంతు నేలకు జారి తెగిపోయింది. తప్పు నా గొంతుదీ కాదు, అప్పదీ కాదు. వీధి చివర మిల్లు లేకపోయుంటే ఆ ఇంట్లో నేను పాడేదాన్ని, అప్ప వినేది. మిల్లు ఉండబట్టి అప్ప పాడింది. అదే మంచిదయింది, దానిదెలాగూ ఒకసారి కాదనిపించుకున్న గొంతు. కానీ ఒకే దీపం కింద ఇన్నేళ్లు బతికిన ఇద్దరం ఒక్క పాటైనా కలిసి పాడుకోలేదు కదా అని ఇప్పుడు దిగులేస్తోంది. చెబుదామంటే మనిషి లేదు.

మిల్లు స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి, అన్ని అంతస్తుల్లోనూ దీపాలు ఒకే తీరుగా వెలుగుతుంటాయి. మా రోజుల్లో ఒకరి మోటారు తిరిగితే ఊరందరి పాటా కుంగేది, ఇప్పుడెవరి పాట వారిదే. నా మీట మీద సున్నా దగ్గర నేనున్నాను, కింద అప్ప ఉంది, ఇద్దరం కలిసే చోటు మాత్రం నేనెంత వెతికినా దొరకలేదు. అందుకని సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి సున్నా దగ్గర నేను పాడుకుంటాను. తరవాత మీట కిందికి జరిపి, ముల్లు మళ్లీ మొదటికి పెట్టి, నోరు మూసుకుని వింటాను.