కెమెరాకి తల చూపని వీధి

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ పేటలో, మా అమ్మమ్మ ఇన్షిరాహ్‌ది ఆడవాళ్ల సెలూన్. ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. గుమ్మానికి మందపాటి పరదా, కిటికీ అద్దానికి లోపలినుంచి అంటించిన పూల కాగితం. మా పేట ఆడవాళ్లు తలకి గుడ్డ కట్టుకోకుండా గడప దాటరు. పరదా ఇవతలికి వచ్చాకే గుడ్డ విప్పుతారు, దాంతోపాటు నోరూ విప్పుతారు. ఆరో తరగతి తర్వాత బడి నన్ను వదిలేసింది. నా మిగతా చదువంతా ఇక్కడే.

జుట్టు కడిగీ కడిగీ అమ్మమ్మ నడుము వంగిపోయింది. వెనక్కి వాలి మెడ ఆనించుకుని తల కడిగించుకునే తొట్టి లేదు. గిరాకీలని వంటింటి సింకు మీదికి వంచి, తను అంతకన్నా వంగి, చెంబుతో నీళ్లు పోసేది. పక్క వీధి సెలూన్‌లో అలాంటి తొట్టి ఉంది. ఆ దారిన పోతే అమ్మమ్మ మొహం తిప్పేసుకుంటుంది, ఒక కన్ను మాత్రం అటే ఉంచుతుంది.

పాత సెలూన్లని ముస్తాబు చేసే టీవీవాళ్లు తొట్టి ఇస్తారని విని, నా చేత తన పేరు పంపించింది. వాళ్లు కైరో నుంచి వ్యానులో తొట్టి వేసుకుని మరీ వచ్చారు. దర్శకుడు తామిర్ నా ఈడువాడే. వీపు దాకా పెరిగిన జుట్టు ముడేసుకున్నాడు. అతని షరతు ఒక్కటే: ఒక తల, మారకముందూ మారాకా, కెమెరాకి కనబడాలి. లేదంటే తొట్టి వ్యానులోనే వెనక్కి పోతుంది. అమ్మమ్మ సరేనంది.

మాంసం కొట్టాయన భార్య ఉమ్ గలాల్ నీలం తలగుడ్డతో పరదా లోపలికి వెళ్లింది, టీవీవాళ్లు గుమ్మం బయటే ఆగారు. అమ్మమ్మ రంగేసింది, చుట్టింది, ఆరబెట్టింది. ఉమ్ గలాల్ అదే నీలం గుడ్డ బిగించి కట్టుకుని బయటికొచ్చి, కెమెరా ముందు నవ్వుతూ నిలబడింది.

తామిర్ ఆవిణ్ని చూశాడు, కెమెరావాణ్ని చూశాడు, మళ్లీ ఆవిణ్ని చూశాడు.

"ఏం మారింది?"

"నేను," అంది ఉమ్ గలాల్.

గుడ్డ తీయమంటే, మా ఆయన్నడుగు నాయనా, చేతిలో కత్తి లేనప్పుడు చూసి అడుగు, అంది. తర్వాత వచ్చినవాళ్లదీ అదే వరస. ఒకావిడ మాత్రం అతని మీద జాలిపడి, వేరే రంగు గుడ్డ కట్టుకుని వచ్చింది.

ఈ సంగతి ముందే చెప్పొద్దా అమ్మా, అన్నాడు తామిర్. ఏ సంగతి, అంది అమ్మమ్మ. వెక్కిరింత కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. తలలు ముస్తాబు చేయమన్నారు, చేసింది. ఇది జుట్టు కార్యక్రమం అని అతను, అవును జుట్టే చేశాను కదా అని ఈవిడ. మధ్యలో నాకు ఇద్దరిదీ నిజమే అనిపించి తల తిరిగింది.

సాయంత్రం దాకా పనివాళ్లు తొట్టిని వ్యానులోంచి దించనే లేదు, ఇక వెళ్లిపోదామని వ్యాను తలుపులు మూయబోయారు. అమ్మమ్మ వెళ్లి తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది. తామిర్ ముడి వంక కాసేపు చూసింది.

"విప్పు బాబూ."

"నేను దర్శకుణ్ణమ్మా."

"అయితే తల లేదా?"

ఆడవాళ్లంతా వంటింట్లోకి దూరి తలుపేసుకున్నారు. తొట్టిని నీళ్ల గొట్టానికి తగిలించి, కెమెరా ఎదురుగానే అతన్ని పడుకోబెట్టారు. ఇక వంగక్కర్లేకపోయినా అమ్మమ్మ నడుము అలవాటుకొద్దీ వంగే ఉంది. వంటింట్లోంచి సలహాలు ఆగలేదు: నూనె బాగా పట్టించు అక్కా, పెళ్లయిందేమో కనుక్కో అక్కా. చివరికి పిల్లాడు పట్టులాంటి ఉంగరాల జుట్టుతో లేచాడు. అద్దంలో తనని తాను గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. తొట్టి దక్కింది.

అది టీవీలో వచ్చిన మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కుర్రాళ్లు. అలాంటి ఉంగరాలు కావాలట. వాళ్లు నిలబడినంతసేపూ ఆడవాళ్లు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నారు. ఇక్కడ మగవాళ్లకి చేయరని చెబితే, టీవీలో చూశాం కదా అంటారు. అదీ నిజమే.

అమ్మమ్మ పరదా అంచు పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఏం చేద్దామే అంది.

కుర్రాళ్ల మొహం మీదే పరదా పూర్తిగా మూసేసింది. వచ్చి తొట్టి ముందు కుర్చీలో కూర్చుని, తలగుడ్డ విప్పి, మెడ వెనక్కి వాల్చింది.

"ముందు నా తలమీద పొయ్యవే. వేణ్ణీళ్లు."