జీవమ్మ తిరిగి ఇవ్వని గిన్నెలు

జీవమ్మ బేతంచెర్లలో నాపరాళ్ల గనిలో తట్ట మోసే మనిషి. ఆమె నోటికి మేస్త్రీ సైతం జడిసేవాడు. ఇరుగుపొరుగు ఏ గిన్నెలో ఏది పంపినా, ఆ గిన్నెను ఆమె ఎన్నడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఏమీ లేకుంటే రెండు పచ్చిమిరపకాయలైనా వేసేది. వట్టి గిన్నె పంపితే పెట్టిన ఇంటికి కరువు తగులుతుందని అక్కడి నమ్మకం. కరువు ఎలాగూ తగిలే సీమే గాని, ఆ నింద మోయడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

ఆమె మగడు లాజరు పెళ్లి ఊరేగింపులకు గ్యాసు దీపాలు మోసేవాడు. వాటిలో వేసే కార్బైడు రాళ్ల డబ్బా అటక మీద ఉండేది. ఒక వానకు కప్పు కారి డబ్బాలో నీళ్లు పడి, రాళ్ల నుంచి గ్యాసు పుట్టింది. తెల్లవారి జీవమ్మ నీళ్లకు పోయినప్పుడు, మూసిన ఇంట్లో ఈ పాడు వాసన ఎక్కడిదో చూద్దామని లాజరు అగ్గిపుల్ల గీశాడు.

కప్పు రాళ్లు లేచి పడ్డాయి. లాజరు వాకిట్లోని పెంటకుప్ప మీద తేలాడు. ప్రాణం మిగిలింది, మీసాలు మిగల్లేదు.

క్రైస్తవుల పేటంతా పరుగెత్తుకొచ్చి రాళ్లు తొలగించింది. పాస్టరుగారు ఆకాశం కింద ప్రార్థన చేశారు. సర్కారు మనిషి చుట్టూ తిరిగి చూసి పోయాడు. ప్రతి ఇంటి నుంచీ సంగటి, పప్పు, అంబలి, జొన్నలు వచ్చాయి. కప్పు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. కప్పుకు కావలసిన రాళ్లు గని యజమాని పుల్లారెడ్డివి. జీవమ్మ అడిగితే, పంట రానీ చూద్దామన్నాడాయన.

నాలుగు రోజులకు పేటలోని గిన్నెలన్నీ జీవమ్మ దగ్గరే చేరాయి. వండుకోవడానికి ఇళ్లలో గిన్నెల్లేవు. మేమిచ్చిన జొన్నలే పిడికెడు వేసి పంపు వదినా అని పక్కింటి కృపమణి బతిమాలింది.

"మీ జొన్నలు మీకే పంపితే అది బదులా, మోసమా? ఇంట్లో మిరపకాయలు సైతం రాళ్ల కింద పోయినాయి. నా పొయ్యి మీద ఉడికిందే పంపుతా. పొయ్యి వానకు నానుతాండాది, ఏం చేయాల?"

ఆ గిన్నెల్లో పుల్లారెడ్డి భార్య రామలక్ష్మమ్మ ఇత్తడి తపేలా కూడా ఉంది. పేలుడు చప్పుడుకు బెదిరి, అంటు సంగతి మరిచి, చేతికందిన తపేలాతో మజ్జిగ పంపించిందామె. అది పుట్టింటి తపేలా. అన్న వస్తున్నాడు, అది కనబడకుంటే అడుగుతాడు. చింతపండుతో తోమి నిప్పుల మీద కాల్చుకుంటే అంటు పోతుందనుకొని తానే వచ్చి వీధిలో దూరంగా నిలబడింది.

"ఏమే, నా తపేలా యాడ?"

"ఈడనే ఉండాది రెడ్డెమ్మా. వట్టిది ఇయ్యమంటే ఇస్తా. మీ ఇంటికి కరువొస్తే నన్ననగూడదు."

రామలక్ష్మమ్మ గిర్రున ఇంటికి తిరిగిపోయింది. ఇంట్లో మొగుణ్ణి ఏమన్నదో గాని, పొద్దు వాలకముందే నాపరాళ్ల బండి వచ్చింది. పేట మగవాళ్లు తమ సంగటి గిన్నెల కోసం ఎన్నడూ లేనంత చురుగ్గా కప్పు లేపారు. లాజరును మాత్రం అగ్గిపెట్టెకు ఆమడ దూరంలో కూర్చోబెట్టారు.

పొయ్యి వెలిగింది. గిన్నెలన్నీ నిండుగా ఇళ్లకు పోయాయి. కడపట తపేలా నిండా వేడి సంగటి పెట్టి, మీద శనక్కాయల ఊరిమిండి పచ్చడి వేసి, జీవమ్మే నెత్తిన పెట్టుకొని రెడ్డి వాకిటికి పోయింది.

వండిన కూడు. ముట్టుకుంటే మైల, పారేస్తే కరువు. రామలక్ష్మమ్మ దొడ్డి వైపు చెయ్యి చూపింది.

"ఆడ పెట్టిపో," అంది.

జీవమ్మ మలుపు దాకా పోయి వెనక్కి చూసింది. దొడ్లో రెడ్డిగారి బర్రె తపేలాలో మూతి పెట్టి అడుగు దాకా నాకుతోంది. ఆ పూట అది ఎన్నడూ లేనన్ని పాలిచ్చిందట. ఆ పాలు రెడ్డి ఇంటిల్లిపాదీ తాగారు.