కుండల తాత, పసుప్పచ్చ చుక్క

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఊళ్లను బాగుచేయడానికి దేవుడు నన్నూ నా ల్యాప్‌టాప్‌నూ జంటగా పంపాడని గట్టిగా నమ్మేవాణ్ణి. మా పని కర్నూలును కంప్యూటర్లో మళ్లీ కట్టి చూడడం. ఏ వీధిని ఎలా మారిస్తే బస్సులు ఆగకుండా పోతాయో, పొగ తగ్గుతుందో ముందే తేల్చడం. తెరమీద మనుషులంతా చుక్కలే. నడిచేవాళ్లు పచ్చచుక్కలు, దారిలో నిలబడినవాళ్లు ఎర్రచుక్కలు. (ఆ చుక్కలకు చెమట పట్టదు. అప్పట్లో అదొక లోపమని నాకు తోచలేదు.)

ఎండలు ముదిరాక ఒక కూడలిలో కెమెరా పెట్టి వారం రోజులు మనుషులను లెక్కపెట్టాం. అక్కడ వేపచెట్టు కింద ఒక సాయిబు తాత చలివేంద్రం నడిపేవాడు. వడదెబ్బకు పోయిన భార్య పేరు మీద ఏటా నాలుగు కుండలు పెట్టేవాడట. అందరికీ ఆయన కుండల తాత. మా గుంపును పిలిచి మరీ నీళ్లు పోసేవాడు. పసుప్పచ్చ టోపీ పెట్టుకుని నేనొక్కణ్ణే పూటకు పది లోటాలు తాగేవాణ్ణి.

కంప్యూటరు లెక్క తేల్చింది. అడ్డమంతా కుండల దగ్గరే ఉంది, అవి తీస్తే బస్సు ఆగదు. తెరమీది ఆ చుక్కల బొమ్మను నేను గొప్పగా తాతకే చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“ఈ చుక్కలకు దప్పికయితే యాడికి పోవల్లప్పా?” అన్నాడు.

అది లెక్కలోకి రాదు తాతా, అన్నాను. అలా అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను. ఆయన కుండలను తోపుడుబండి మీద పెట్టుకుని, మేము చూపించిన చోటికి, నీడలేని ఒక గోడ పక్కకు తోసుకుపోయాడు. అటు నడిచేవాళ్లే లేరు.

వానలు మొదలయ్యాక, నివేదిక కోసం ఆ వీడియోలు మళ్లీ చూస్తుంటే మేము ఎర్రచుక్కలుగా లెక్కేసిన గుంపులో పసుప్పచ్చ టోపీ కనబడింది. ఇంకాస్త పరికించి చూస్తే దాదాపు అందరూ మావాళ్లే. ఆ కూడలికి అడ్డం మేమే. తాత పోసిన నీళ్లు తాగి, ఆయన మీదే సాక్ష్యం చెప్పాం. మా చుక్కలను తీసేసి కంప్యూటర్లో లెక్క మళ్లీ నడిపితే బస్సు హాయిగా వెళ్లిపోయింది.

తాతను వెనక్కి తీసుకొద్దామని ఆ సాయంత్రమే ఆటో ఎక్కాను. గోడ దగ్గర కుండలు బోర్లించి ఉన్నాయి.

“తాత పోయి నెలయిందప్పా” అన్నాడు పక్కనున్న పంక్చర్ అంగడాయన. “కడ రోజు గూడా కుండలు నింపి, ఎవురన్నా వస్తారేమోనని చూసుకుంటా ఉన్న్యాడు.”

ఇప్పుడు నేను తయారుచేసే ప్రతి ఊరి బొమ్మలోనూ చెట్టు కింద ఒక చుక్క కదలకుండా ఉంటుంది. మొన్న కొత్త ఇంజినీరమ్మ అది తప్పనుకుని చెరపబోతే, ఉండనీయమ్మా అన్నాను. కాసేపటికి ఇంకో చుక్క వచ్చి దాని పక్కన ఆగుతుంది. ఆ వచ్చినదానికి పసుప్పచ్చ రంగు వేసింది నేనే.