ఉప్పు చూడమన్న పెద్దమ్మ

బంగారపేటలో రైలు ఆగి ఉంది. టీ తాగుదామా వద్దా అని కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తున్నాను. ఫోన్ మోగింది. పక్కింటి పెద్దమ్మ కోడలు.

"అక్కా, అత్తమ్మ పోయినాది. కాఫీకని లేపితే లేయలేదు. నాకు చేతులూ కాళ్ళూ ఆడట్లేదు. నువ్వు యాడ ఉండావు?"

రైలు దిగేసి ఆటో పట్టుకుని వెనక్కి వచ్చాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. ఆమెతో ఒక మాట చెప్పాల్సి ఉంది, రెండేళ్ళుగా రేపు మాపు అంటూ వచ్చాను, ఇక ఆ వీలు లేదు. తలలో ఆ ఒక్కటే తిరుగుతోంది. ఆ మాట ఏమిటో రాస్తాను. కానీ ముందు ఆమె గురించి రాయాలి, లేకపోతే ఇది నా గోలగా మిగిలిపోతుంది.

ఆమె నాకు చుట్టం కాదు. పదేళ్ళ కిందట మేం కేజీఎఫ్‌లో పాత గని క్వార్టర్స్‌కి అద్దెకు వచ్చినప్పుడు గోడ అవతల ఉన్న మనిషి. భర్త గనిలో పనిచేసి ఎప్పుడో పోయాడు. కొడుక్కి రాబర్ట్‌సన్‌పేటలో చిన్న సెల్‌ఫోన్ల కొట్టు. కొడుకు, కోడలు, తను. ఇంటి వెనక రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. అందులోనే మిరప, వంగ, గోరుచిక్కుడు, గోంగూర. కంచె మీద అనప తీగ, బాత్‌రూమ్ రేకు మీద బూడిద గుమ్మడి పాదు.

దసరా వెళ్ళిందంటే ఆమెను పట్టలేం. ఒక పక్క మెంతులూ ధనియాలూ చల్లేది, ఇంకో పక్క వానాకాలం చెట్ల మీది చివరి కాపు కోసి దాచుకునేది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు తరిగి వరుగులు ఎండబెట్టేది. మజ్జిగలో ఊరిన మిరపకాయలు, గుమ్మడి వడియాలు సరేసరి. కార్తీకంలో మా వైపు ఎండను నమ్మడానికి లేదు. పొద్దున మాడ్చేస్తుంది, మధ్యాహ్నానికి జల్లు. నేను మొదటి ఏడు ఉత్సాహంగా దుప్పటి నిండా వరుగులు పరిచి, సగం వానకు సమర్పించుకున్నాను. పెద్దమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూసి నవ్వింది.

"ఉండే చేతులు రెండే కదమ్మా. రెండు చాటలే పెట్టు. మూడోదాని కోసం ఏడ్చేది ఎందుకు?"

బంగారం తీసేశాక గని మట్టి పోగుపోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి దుమ్ముగాలి వీచే రోజు ఆ రెండూ పెట్టేది కాదు. పైట చెంగు గాలికి పట్టుకుని, అది ఎటు ఎగురుతుందో చూసి, చాటలు లోపలికి తీసుకుపోయేది.

నాకు మట్టి పని ఏమీ తెలియదు. ఒక ఆదివారం సాయం చేస్తానని వెళ్ళి, ఆమె చల్లిన మెంతి మొలకలన్నీ గడ్డి అనుకుని పీకి కుప్ప పెట్టాను. "బెంగుళూరులో ఉద్యోగం చేస్తావు. మెంతికీ గడ్డికీ తేడా తెలీదే తల్లీ!" అని, ఆ పీకిన మొలకలనే కడిగి పప్పులో వేసి నాకే పెట్టింది. మా ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలంతా మా పొయ్యి సరిగా వెలగలేదు. రోజూ సాయంత్రం గోడ మీద ఒక గిన్నె ఉండేది, వరుగుల పులుసో, వేయించిన మిరపకాయలూ పెరుగన్నమో. ఒక్కసారి కూడా మనిషి వచ్చి పరామర్శించలేదు. గిన్నె పెట్టి వెళ్ళిపోయేది. ఆ నెల ఆమె పెట్టిన తిండి తిని నేను నిలబడ్డాను.

మూడేళ్ళ కిందట ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందనే అందరం అనుకున్నాం. ఒక సాయంత్రం గోడ ఇవతలికి మాడిన పాల వాసన గుప్పున కొట్టింది. పరుగెత్తి వెళితే, పొయ్యికి రెండు అడుగుల దూరంలో అటు తిరిగి కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. వెనక పొగ. నేను పొయ్యి ఆపాక గానీ తిరిగి చూడలేదు. నా మొహం చూసి, ఇక దాచి లాభం లేదనుకుందేమో.

"వాసన తెలీట్లేదమ్మా. రుచీ తెలీదు. ఉప్పు నోట్లో వేసుకుంటే ఇసక మాదిరి ఉండాది."

"డాక్టరుకు చూపిద్దాం పెద్దమ్మా."

"చూపించినాను. వస్తే వస్తాది అన్నాడు. ఎవరికీ చెప్పొద్దు, కోడలికి అసలే చెప్పొద్దు. చెప్పినావంటే ఇంగ ఆ వంటింట్లో నాకేం పనుంటాది?"

చెప్పనని మాట ఇచ్చాను. అప్పటి నుంచి ఆమె నాలుక నేనే. ఏది చేసినా కొంచెం తెచ్చి, గోడ మీద నుంచి నా అరచేతిలో వేసేది. "ఉప్పు చూడమ్మా." నేను చూసి చెప్పేదాన్ని. ఇంట్లో వాళ్ళకు అది పక్కింటి ముచ్చటగానే కనిపించేది.

ఇప్పుడు ఆ మాట.

చింతకాయ తొక్కు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముదరని చింతకాయలు ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి జాడీకి ఎత్తితే ఏళ్ళ తరబడి ఉంటుంది. దాన్ని నిలబెట్టేది ఉప్పే. రెండు పిడికిళ్ళు తగ్గిందంటే అంతే సంగతులు. రెండేళ్ళ కిందట కార్తీకంలో ఆమె పుట్టింటి నుంచి, క్యాసంబళ్ళి అవతలి పల్లె నుంచి, ఒక గోతం చింతకాయలు వచ్చాయి. రెండు రోజులు దంచింది. మూడో రోజు తెల్లవారుజామున నేను రైలుకు బయలుదేరుతుంటే గోడ దగ్గర నిలబడి ఉంది. నా అరచేతిలో ఉసిరికాయంత ముద్ద పెట్టింది.

ఆ వేళప్పుడు, పరగడుపున, అంత పులుపు నోట్లో వేసుకోవాలంటే నాకు వెగటు పుట్టింది. పైగా రైలు. చీకట్లో అటు తిరిగి, ముద్దను చేతిగుడ్డలోకి తుడిచేశాను.

"సరిపోయింది పెద్దమ్మా."

"బాగా చూసినావా?"

"చూసినాను. టైమైంది, వస్తా."

నెల తిరిగాక ఒక ఆదివారం వాళ్ళ కొడుకు భోజనం దగ్గర కంచం పక్కకు నెట్టాడు. కుళ్ళు వాసన అన్నాడు. నన్ను కూడా పిలిచారు. జాడీ మీది గుడ్డ విప్పితే లోపలంతా బూడిద రంగు బూజు. పెద్దమ్మ జాడీలోకి, తర్వాత నా వంక చూసింది. అందరి ముందూ అడగలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి అడిగింది.

"ఉప్పు సరిపోయిందన్నావు కదమ్మా ఆ పొద్దు?"

నిజం చెప్పడానికి దేవుడు నాకు ఇంతకంటే మంచి చోటు చూపించలేడు. ఇద్దరమే ఉన్నాం. ఆమె కళ్ళలో కోపం కూడా లేదు.

"సరిపోయింది పెద్దమ్మా," అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. నన్ను నమ్మింది కాబట్టి, ఇక మిగిలిన కారణం ఒక్కటే. లోపలికి వెళ్ళి కోడలిని అడిగింది, బయటున్నప్పుడు జాడీ తాకినావా అని. నెలసరి రోజుల్లో తాకితే ఊరగాయకు బూజు పడుతుందని పెద్దమ్మ వాళ్ళ అమ్మ నమ్మింది, అత్త నమ్మింది, ఆమె కూడా నమ్మింది.

"ఊడ్చేదానికి కొంచెం జరిపినాను అత్తా, అంతే."

నేరం రుజువైపోయింది. పెద్దమ్మ అరవలేదు, తిట్టలేదు. "ఇంగ మీద నువ్వు జాడీల జోలికి రావొద్దు. ఏ దినాలైనా సరే," అంది. రెండు రోజుల దంపుడు, గోతం చింతకాయలు గుంట తవ్వి పూడ్చింది. నేను గుమ్మం దగ్గర కుక్కిన పేనులా నిలబడి ఉన్నాను.

నాకు నేను చెప్పుకున్న సాకు ఏమిటంటే, నిజం చెబితే పెద్దమ్మ నాలుక సంగతి కోడలికి తెలిసిపోతుంది, ఆ రహస్యం కాపాడటం నా ధర్మం. సాకులకేం, ఎప్పుడూ ధర్మం వేషంలోనే వస్తాయి. నిరుడు మళ్ళీ తొక్కు దంచింది. ఈసారి నేను మూడుసార్లు నోట్లో వేసుకుని, పళ్ళు పులిసిపోయేదాకా చూసి, ఇంకో పిడికెడు పడాలన్నాను. తొక్కు దివ్యంగా నిలిచింది. దాంతో వచ్చిన చిక్కు చూడండి: కోడలు తాకలేదు, తొక్కు చెడలేదు. పెద్దమ్మ నమ్మకానికి నేనే రెండోసారి సాక్ష్యం ఇచ్చినట్టయింది.

ఆమె మంచిది కాదా? నా మట్టుకు నాకు అమ్మ తర్వాత అమ్మ. కోడలి మీద ఆ మాట వేసింది కూడా ఆమే. రెండూ నిజమే, ఒకదాని కోసం ఇంకోటి కొట్టేయలేను. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో పెద్ద పిడికిలి నాది.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్ళాక, పన్నెండో నాటి మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. సన్నగా జల్లు పడుతోంది. కోడలు ఒక్కతే ఉంది. నన్ను చూడగానే అంది, "మంచి టైముకు వచ్చినావక్కా. ఆ తొక్కు జాడీ కొంచెం దించిస్తావా? ఆయనకు సంగట్లోకి కావాలంట."

జాడీ ఆమెకు అందే ఎత్తులోనే ఉంది. వద్దన్న మనిషి వెళ్ళిపోయి పన్నెండు రోజులైంది, ఇంకా తాకడం లేదు. నేను జాడీ దించి నేల మీద పెట్టాను. పెట్టిన చోటే కూలబడి మొత్తం చెప్పేశాను. మాడిన పాలు, అరచేతిలో ముద్ద, చేతిగుడ్డ, పెరట్లో చెప్పిన రెండో అబద్ధం. ఏదీ మిగల్చలేదు.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. కానీ ఆమె నేను అనుకోని చోట మొదలుపెట్టింది.

"రుచి తెలీదా అత్తమ్మకి? మూడేండ్లుగానా?"

"అవును."

"ఈ మూడేండ్లే అక్కా నా కూర బాగుండాది అనింది. అంతకు మునుపు ఎప్పుడూ ఉప్పెక్కువ, పులుపు తక్కువ. జ్వరం వచ్చి పోయినాక మారిపోయింది. నా చేతి వంట కుదిరిందే, అత్తమ్మ మెచ్చుకునిందే అని మా అమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పుకున్నాను. అంటే అదీ ఉత్తిదే."

ఒక నింద తీసేద్దామని వచ్చి, ఆమె దాచుకున్న ఒకే ఒక్క మెప్పు కూడా పట్టుకుపోయాను. నీ కూర నేను తిన్నాను, నిజంగా బాగుంటుంది అన్నాను. నా నోటి మాటకు ఆ ఇంట్లో విలువ ఎంతో ఇప్పుడే చెప్పుకున్నాను కదా. ఆమె నా వంక చూసిన చూపులో అదే ఉంది.

"తొక్కు కావాలంటే మోకాళ్ళ నొప్పులతో ఆమే లేసి వచ్చి జాడీ దించి వడ్డించేది," అంది మెల్లగా. "నేను పక్కనే నిలబడి చూసేదాన్ని."

కొంగుతో ముక్కు తుడుచుకుని జాడీ ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. మూతికి కట్టిన గుడ్డ ముడి విప్పింది. పక్కనే చెక్క గరిటె ఉంది, దాన్ని తీసుకోలేదు.

"నేను బయటుండాను అక్కా, ఈ పొద్దు రెండో దినం," అంది.

గాజులు పైకి తోసుకుని, కుడి చెయ్యి మణికట్టు దాకా తొక్కులోకి దించేసింది. పిడికిలి బిగించినట్టుంది, చుట్టూ తొక్కు నెమ్మదిగా పైకి ఉబికింది. చేతి మీద ఎక్కడో కత్తిగాటు ఉందేమో, ఉప్పుకు చురుక్కుమని మొహం ముడుచుకుంది. అయినా చెయ్యి బయటికి తీయలేదు.