వినకపోవడమూ ఉద్యోగమే

మొన్న ఉదయం మా వదిన ఫోను చేసి, మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లు ఎక్కలేకపోతున్నానని ఒక పావుగంట చెప్పుకుంది, నేనూ నా మోకాళ్ళ సంగతి ఆమెకంటే కొంచెం ఎక్కువగానే చెప్పుకున్నాను. మన వయసులో ఈ విషయంలో ఎవరూ ఎవరికీ తగ్గరు కదా. భోజనమయ్యాక అలవాటుగా ఫోను చేతిలోకి తీసుకుంటే, అందులో వరసగా మోకాలి తైలం, మోకాలికి తొడుక్కునే పట్టీ, మోకాళ్ళు మార్చే ఆసుపత్రి, చకచకా మెట్లెక్కేస్తూ నన్ను చూసి నవ్వుతున్న ఒక ముసలాయన. నాకు ఒళ్ళు మండింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంటున్న మా అక్క మనవరాలు ఆ రోజు విజయనగరంలో మా ఇంట్లోనే ఉంది. దాన్ని పిలిచి, మా మాటలు ఎవరు వింటున్నారే అని అడిగితే, అది తాపీగా జామకాయ కొరుక్కుంటూ, వింటున్నారని ఎవరూ తేల్చి చెప్పలేదని, కాని మనం వెతికినవీ చూసినవీ, ఎక్కడెక్కడ తిరిగామన్నదీ అన్నీ పోగుచేసి మనకేం కావాలో ఊహిస్తారని చెప్పి, "అయినా నువ్వే ఒప్పుకున్నావు కదా అమ్మమ్మా" అంది. ఫోను కొన్న రోజున కింద నీలం గడి ఒకటి నొక్కానట, అదే ఒప్పుకోవడమట.

ఆ నీలం గడి మీరూ నొక్కే ఉంటారు. దానిపైన ఉన్న నలభై పేజీలూ చదివి నొక్కినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి నా నమస్కారం. నాకు ఫోను మీద కోపం లేదు, పలాసలో ఉన్న మా చెల్లెలి మొహం రోజూ చూడగలుగుతున్నానంటే దాని పుణ్యమే. అయినా నాకే ఇంత ఉక్రోషం ఎందుకొచ్చిందంటే, నేను ముప్పై ఏళ్ళు టెలిఫోన్లలో పనిచేసిన మనిషిని. నా మొదటి తప్పూ, నా పెద్ద తప్పూ సరిగ్గా ఇలాంటిదే కాబట్టి, ఎదుటివాడి తప్పు చూస్తే నాది గుర్తొచ్చింది.

నాన్న పోయిన రెండో ఏట నాకు గజపతినగరం ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు గాని, మా ఇంటికి మళ్ళీ జీతమంటూ వచ్చింది దానితోనే. ఎక్స్ఛేంజి అంటే ఏదో అనుకునేరు, పోస్టాఫీసు పక్కన ఒక గది, అందులో బట్టల బీరువాలా నిలబడిన ఒక చెక్క బోర్డు, దాని నిండా కన్నాలు, ఒక్కో కన్నం ఊళ్ళో ఒక్కో ఫోను. ఎవరైనా ఫోను చేయబోతే ఆ కన్నం మీది రేకు మూత టప్పుమని పడేది, మేము తీగ దోపి ఎవరు కావాలో అడిగి ఆ రెండో కన్నానికి కలిపేవాళ్ళం. ఫోను లేనివాళ్ళు, అంటే ఊరంతా, పోస్టాఫీసు వసారాలో ఉన్న చెక్క బూతులోంచి మాట్లాడేవారు. పై ఊరికి ట్రంకు కాల్ చెప్పుకుని, లైను కలిసేదాకా అరుగు మీద గంటలు గంటలు కూర్చునేవారు. కొందరు ఆ కాసేపటికీ ఉతికిన చొక్కా వేసుకొచ్చేవారు, ఒక ముసలమ్మ అయితే రిసీవరుకి దండం పెట్టి గాని మాట మొదలుపెట్టేది కాదు. బెల్లం వర్తకుడొకాయన అనకాపల్లితో మాట్లాడుతుంటే అసలు తీగ ఎందుకా అనిపించేది, ఆ గొంతు బజారు చివరిదాకా వినిపించేది. లైను చెడిపోతే వారం పది రోజులు దిక్కులేదు, మా డిపార్టుమెంటేమీ సత్యహరిశ్చంద్రుడి వంశం కాదు. కాని ఒక్క విషయంలో మాత్రం అక్కడ నిప్పులాంటి మనిషి ఉండేది.

ఆవిడ మా సీనియరు ఆపరేటరు. ఊరంతా పెద్దక్క అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇద్దరిని కలిపి, అవతలివైపు 'హలో' అన్న ఒక్క మాట చెవిన పడగానే, వాళ్ళ మాటలు మాకు వినిపించే కీ వెనక్కి తిప్పేసి, హెడ్‌సెట్ చెవుల మీంచి మెడ మీదికి దించేసేది. ఒక్కో కాల్‌కీ ఇచ్చే ఆ మూడు నిమిషాలూ ఒళ్ళో పొందూరు పత్తి పెట్టుకుని దీపం ఒత్తులు చేసుకునేది. కీ తిప్పాక ఎలాగూ ఏమీ వినిపించదు కదా, మళ్ళీ ఇదెందుకని చేరిన కొత్తలో అడిగాను. "కలిపేదాకే మన పని. కలిపేసినాక అది ఆల ఇల్లు. ఎవులింట్లోనో మడుసులు మాటాడుకుంతంటే తొంగి సూస్తామేటి?" అంది. కీ తిప్పడం రూలు, హెడ్‌సెట్ దించడం ఆవిడ సొంత నియమం. నేనూ నేర్చుకున్నాను, ఇరవై రెండేళ్ళ పిల్లకి ఎంత వంటపడుతుందో అంతే వంటపట్టింది.

నేను మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఎదురిల్లు స్కూలు మేష్టారిది. ఆయన భార్యని నేను అత్తా అని పిలిచేదాన్ని, ఏ కూర వండినా మాకో గిన్నె పంపే మనిషి. ఆవిడకి మెడ దగ్గర గడ్డ లేస్తే విశాఖపట్నం తీసుకెళ్ళి కోయించారు. కొవ్వు గడ్డేనని, పీడా పోయిందని ఆవిడ అనుకుంటోంది. ఆ ముక్కని పరీక్షకి పంపారన్న సంగతి ఆ ఇంట్లో మేష్టారు ఒక్కరే గుండెల్లో దాచుకుని తిరుగుతున్నారు. నాకూ తెలియదు. పదో రోజున ఆయన బూతులోకి వచ్చి, విశాఖపట్నంలో ఉన్న తమ్ముడికి కాల్ చెప్పుకున్నారు.

ఆ రోజు లైనులో ఒకటే గరగర. ఒకరి మాట ఒకరికి అందనప్పుడు ఆపరేటరు మధ్యలో ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించాలి, అది మా పనిలో భాగమే. అవతల తమ్ముడు అరుస్తున్నాడు, ఇవతల మేష్టారు ఏమిటి, ఏమిటి అంటున్నారు. చివరికి నేనే చెప్పాను, పరీక్ష రిపోర్టు వచ్చిందట మేష్టారూ, కేన్సరు లేదటండీ అని. రిసీవరు పెట్టిన చప్పుడు కూడా రాలేదు, ఏడుపు మాత్రం వినిపించింది. నాకూ కళ్ళు చెమర్చాయి. నా నోటితో ఒక ఇంటిని నిలబెట్టినట్టు ఒళ్ళంతా గర్వం పాకింది.

రెండింటికి నా డ్యూటీ అయింది. మేష్టారు తిన్నగా ఇంటికి వెళ్ళి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన కొబ్బరికాయ కొనుక్కుని రామాలయానికి వెళ్ళారు. నేను అడ్డదారిన వీధిలోకి వచ్చేసరికి అత్త గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆవిడ మొహం చూడగానే నాకు ఆగలేదు, దగ్గరికి పరిగెత్తి, ఏమీ లేదట అత్తా, భయం లేదట అన్నాను.

"ఏటి లేదు?" అంది ఆవిడ.

కేన్సరు, అన్నాను.

చేటలో చెయ్యి చేటలోనే ఉండిపోయింది. అప్పుడు గాని నాకు తెలియలేదు, లేదన్న మాట చెప్పడానికి ముందు ఉందేమోనన్న మాట ఆవిడ వినలేదని. నేను ఏదో నసుగుతూ ఉండగానే మేష్టారు వీధి మొగలో కనబడ్డారు, చేతిలో కొబ్బరి చిప్ప, మొహం నిండా నవ్వు. భార్య మొహం చూశారు, నన్ను చూశారు, ఆ నవ్వు అలాగే పోయింది. నేను ఇంట్లోకి వచ్చేశాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ నవ్వు పోవడం నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది.

వాళ్ళు ఒక్క మాట అనలేదు. కాని మా వీధిలో వార్తకి కాళ్ళు అక్కర్లేదు, ఎక్స్ఛేంజి పిల్ల అన్నీ వింటాదట, ఇంటికొచ్చి చెబుతాదట అని రెండు రోజుల్లో ఊరంతా పాకింది. బెల్లం వర్తకుడు గొంతు తగ్గించాడు. రాయగడలో కూతురున్న తల్లి ఒకామె గంటన్నర కాచుకుని, బాగున్నావా, బాగున్నాం, తక్కినది ఉత్తరంలో రాయిస్తాను అని పెట్టేసింది. పెద్దక్క వారం రోజుల కాల్ చీటీలు నా ముందు పరిచింది, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, అన్నీ అలాగే ఉన్నాయి. ఎవరైనా విజయనగరం ఆఫీసుకి ఒక్క కార్డు ముక్క రాస్తే నా ఉద్యోగం ఊడుతుందని నాకు తెలుసు. అదే చెప్పి ఏడ్చాను.

"ఉజ్జోగం పోతే ఇంకోటి వస్తాది. ఈ ఊరోలు బూతులోకెళ్ళి నోరు కట్టేసుకుంతన్నారు, దానికేటి సేస్తావు?" అంది. ఆఫీసుకి క్షమాపణ రాస్తానన్నాను. ఆఫీసుకెందుకు, నువ్వు తప్పు సేసింది ఆఫీసుకేటి, అని నన్ను పంపేసింది.

మర్నాడు వెళ్ళి మేష్టారి గుమ్మంలో కూర్చున్నాను. అత్త తోటకూర కోస్తోంది. తప్పయిపోయిందన్నాను. ఆకు కోస్తూనే, నా వంక చూడకుండా చెప్పింది. "నువ్వు సెడ్డ సెప్పలేదమ్మా, మంచే సెప్పినావు. గాని పది దినాలు ఆ మడిసి నాకు తెలీకండా ఆ బరువు మోసినాడు. దించుకున్న దినాన ఆ మాట ఆయన నోటంట రావాల. కొబ్బరి సెక్క పట్టుకోని వస్తే, నాకు సెప్పడానికి ఆయన కాడ ఏటీ మిగల్లేదు." తరవాత లేచి లోపలికెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి, తాగి వెళ్ళమంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఇప్పటి పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు నాకెప్పుడైనా ఎదురుపడితే చెప్పాలనుకునేది ఇదే. మీ మేలు కోసమే మీ సంగతులు తెలుసుకుంటున్నామంటారు. నాయనా, నేనూ మేలు కోసమే చెప్పాను, నా బుద్ధి మంచిదే, వార్త కూడా మంచిదే. అయినా అది నాది కాదు. వీళ్ళ దగ్గర మన సంగతులు బయటికి పొక్కిపోతే లక్షమందికి ఒకే ఉత్తరం వస్తుంది, మీ గోప్యత మాకెంతో ముఖ్యం అని. కిందటేడు నాకూ వచ్చింది, కింద సంతకం పెట్టిన మనిషి పేరు కూడా లేదు. నన్ను ఆ రోజు ఆ గుమ్మంలో కూర్చోబెట్టింది పెద్దక్క గాని, ఆ గుమ్మమంటూ ఒకటి ఉండటం నా అదృష్టం. వీళ్ళకి అది లేదు, పాపం, వీళ్ళు తప్పు చేసినా ఎవరి మజ్జిగా తాగలేరు.

పెద్దక్క అంతటితో ఊరుకోలేదు. వడ్రంగిని పిలిపించి, మా గదికీ బూతుకీ మధ్య చెక్క గోడలో కిటికీ కోయించి, దానికి అద్దం బిగించి, నా స్టూలు అటు తిప్పించింది. అనుమతి లేకుండా సర్కారు గోడ కోయించినందుకు పైనుంచి చీవాట్లు వచ్చాయి. సూడనీ, దాసుకోడానికేటి ఉంది మన కాడ, అని నవ్వేసింది. అప్పటినుంచి మాట్లాడేవాళ్ళు నన్ను చూస్తూ మాట్లాడేవారు. నేను హెడ్‌సెట్ మెడ మీదికి దించి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చునేదాన్ని. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, తరవాత తరవాత అలవాటైపోయింది. బెల్లం వర్తకుడు ముందుగా గొంతు పెంచాడు. ఆ అరుపు విన్న రోజున నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మేష్టారి ఇంటినుంచి మాత్రం ఎవరూ రాలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఒకనాడు అత్త ఒక్కతే గొడుగు వేసుకుని వచ్చి, బొబ్బిలిలో వాళ్ళక్కకి కాల్ చెప్పింది. కలిసేదాకా అరుగు మీదే కూర్చుంది, నాతో మాట్లాడలేదు. కలిశాక బూతులోకెళ్ళి రిసీవరు చెవిన పెట్టుకుని, కిటికీలోంచి నా వంక చూసింది. హలో విన్నాను, కీ తిప్పాను, హెడ్‌సెట్ దించాను. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. తరవాత మెల్లగా అటు తిరిగి, వీపు నావైపు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. మూడు నిమిషాలయ్యాయని చెప్పడానికి లైన్లోకి వెళితే, ఇంకో మూడు నిమిషాలు ఇయ్యమంది. మధ్యలో ఒకసారి నవ్వింది కాబోలు, భుజాలు కదిలాయి. మరోసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బయటికి వచ్చి గొడుగు విప్పుకుంటూ, "పెరట్లో గోంగూర శానా ఉన్నాది, మీ పిన్నిని కోసుకోమని సెప్పు" అని వెళ్ళిపోయింది. నేను బోర్డు ముందు తల వంచుకుని ఏడ్చాను.

ఆ బోర్డు పోయి ఎన్నేళ్ళయిందో. పెద్దక్క లేదు, మేష్టారూ లేరు, అత్తా లేదు. ఆ ఆరు నిమిషాల్లో ఆవిడ అక్కతో ఏం చెప్పుకుందో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అదొక్కటే. మా మనవరాలు చదువు పూర్తయ్యాక అలాంటి కంపెనీలోనే చేరుతుందట. తెలివైన పిల్ల, ఎదుటివాళ్ళ సంగతులు ఎలా తెలుసుకోవాలో అక్కడ చక్కగా నేర్పిస్తారు. తెలుసుకోకుండా ఎలా కూర్చోవాలో నేర్పడానికి అక్కడొక పెద్దక్క ఉంటే బాగుండును.