నోర్బెర్ట్ కాలెవార్ట్ పడిన కర్కాటకపు గొయ్యి

గౌరవనీయులైన పావురాల పందేల సమాఖ్య ప్రాంతీయ కార్యవర్గానికి,

నోర్బెర్ట్ కాలెవార్ట్, వయస్సు యాభై నాలుగు సంవత్సరాలు. ఆయనను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. ఆ ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆయన నాకు నచ్చిన రోజు ఒక్కటీ లేదు. ఆయన గొంతు పెద్దది, మర్యాద చిన్నది. నా పావురాలను నా ఎదుటే కోళ్లని పిలుస్తాడు. కనుక ఈ లేఖను స్నేహం కొద్దీ రాసినదిగా తమరు భావించకూడదు. ముప్పై ఎనిమిదేళ్లు పురపాలక కార్యాలయంలో రికార్డులకు నకళ్లు రాసిన వాడిని, ఇప్పుడు మా సంఘం ఉత్తరాలు రాస్తున్న వాడిని. ఉన్నది ఉన్నట్లు రాయడం తప్ప నాకు మరో విద్య లేదు.

నోర్బెర్ట్ ఇరవై రెండేళ్లపాటు మా సంఘం లారీ వెంట వెళ్లి పావురాలను వదిలిన మనిషి. శుక్రవారం సాయంత్రం మేము బుట్టలకు సీళ్లు వేసి అప్పగిస్తే, ఆయన వాటిని ఫ్రాన్సుకు తీసుకువెళ్లి, తెల్లవారాక ఆకాశం చూసి, గాలి చూసి, అవి ఇంటిదాకా పందెం ఎగిరి వచ్చేలా తలుపులు తెరిచేవాడు. ఆ క్షణం మా అందరి ఏడాది కష్టం ఆయన చేతిలో ఉండేది. ఒక ఏడు ఆ దేశంలోని బూర్జ్‌లో వాన పట్టుకుంటే మూడు రోజులు బుట్టలు తెరవలేదు. మా అధ్యక్షుడు రోజర్ వెర్హెల్స్ట్ మా సంఘం కూడే, బీరు కూడా పోసే కాఫీ హోటల్ నుంచి ఫోను చేసి అరిచాడు.

"ఏవయ్యా, అక్కడ కాపురం పెట్టావా? ఇక్కడ ఎండ కాస్తోంది!"

"నీకు కనబడేది బీరు గ్లాసు, అధ్యక్షా. నాకు కనబడేది ఆకాశం. ఫోను పెట్టెయ్."

నాలుగో రోజు వదిలాడు. సాయంత్రానికి నా నాలుగు పావురాలూ గూటికి చేరాయి. అందుకు నేను ఆయనకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఆయన కూడా ఎదురుచూడలేదు.

ఇక గోడెలీవ గారి విషయం. ఈమె ఆ కాఫీ హోటల్ యజమానురాలు. వారపత్రికలో, పుట్టిన తేదీలను బట్టి రాశిఫలాలు రాస్తుంది. బుధవారాలలో హోటల్ వెనుక గదిలో, ఉద్యోగం మారదలచిన వారికి సలహాలు చెబుతుంది. వచ్చిన ప్రతివారికీ "పన్నెండు రాశులు, పన్నెండు గోతులు" అనే కాగితం ఒకటి ఇస్తుంది. దాని ప్రకారం మేషం వారు రెండో ఉద్యోగం దొరకకముందే మొదటిదానికి తలాక్ చెబుతారు. వృషభం వారు కుర్చీ విరిగేదాకా లేవరు. సింహం వారు తమకంటే చిన్నవాడి కింద ఒక్క పూట పనిచేయలేరు. కన్య వారు దరఖాస్తు దిద్దుకుంటూ ఉండగానే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. ఇవన్నీ ప్రతి మనిషిలోనూ ఉండే రోగాలు. వాటిని పన్నెండు సీసాలలో పోసి, సీసాకొక పేరు అంటించడమే ఆమె చేసిన పని.

కర్కాటకం కింద ఇలా ఉన్నది: "వీరు పనిలో గూడు కట్టుకుని అందులోనే కుళ్లిపోతారు. వీరి గొయ్యి కదలకపోవడమే. యాభై దాటాక ఒక్కసారైనా దూకాలి."

రెండేళ్ల కిందట నోర్బెర్ట్‌కు నడుము నొప్పి పట్టుకున్నది. భార్య మార్టీన్ శనివారాలు ఇంట్లో ఉండమని పోరుతున్నది. ఆయన గోడెలీవ దగ్గరకు వెళ్లి తన పుట్టిన తేదీ జూన్ ఇరవై రెండు అని చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఉన్నందున ఆ తరువాతి మాటలు నేను స్వయంగా విన్నాను.

"నోర్బెర్ట్ బాబూ, నువ్వు అసలు సిసలు కర్కాటకానివి. నీ లారీయే నీ చిప్ప. బయటికి రావయ్యా!"

"వచ్చి ఏం చెయ్యనమ్మా? పావురాలు తప్ప నాకేం తెలుసు?"

"అదిగో, ఆ మాటే గొయ్యి!"

ఆయన మే నెలలో, పందేల మధ్యలో, రాజీనామా ఇచ్చాడు. ఇది ఆయన తప్పు. దానిని నేను తగ్గించి చెప్పను. తరువాత ఇంటింటికీ తిరిగి కిటికీల మీద వేసే ఎండ తెరలు అమ్మే కంపెనీలో చేరాడు. తలుపు తీసిన ఇల్లాలితో, "మీకిది దండగండీ, మీ ఇంటికి ఎండ ఇటువైపు రాదు" అని చెప్పే మనిషి ఎన్ని తెరలు అమ్మగలడు? పద్నాలుగు నెలలలో మూడు అమ్మాడు. కంపెనీ ఆయనను పంపివేసింది.

ఆయన స్థానంలో అధ్యక్షుని మేనల్లుడు లారీ ఎక్కాడు. గడిచిన ఆగస్టులో ఆ యువకుడు, మధ్యాహ్నం తిరునాళ్లకు చేరుకోవాలన్న తొందరలో, పడమట ఉరుము వినబడుతుండగానే బుట్టలు తెరిచాడు. సంఘం పావురాలలో సగానికి పైగా తిరిగి రాలేదు. నా నీలి ఆడది కూడా రాలేదు. ఇప్పటికీ సాయంత్రం పూట దాని గూటి తలుపు నేను వేయను.

గత నెల, ఆదివారం చర్చి ముగిశాక జరిగిన సమావేశంలో, నోర్బెర్ట్‌ను తిరిగి తీసుకోవాలని మాంసం కొట్టు ఒమేర్ ప్రతిపాదించాడు. అధ్యక్షుడు జేబులోంచి ఆ కాగితమే తీశాడు.

"కర్కాటకపోడు ఇల్లొదిలి వెళ్లి మళ్లీ వస్తే, లోపల కక్ష పెట్టుకునే వస్తాడంట. వెనక పేజీలో రాసుంది. అలాంటోడికి మన పావురాలిస్తామా?"

"మరి మీ మేనల్లుడిదేం రాశి అధ్యక్షా? ఉరుముల రాశా?" అన్నాడు ఒమేర్.

జనం నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. "రాశి కారణంగా అనర్హుడు" అని నాచేతనే మినిట్స్‌లో రాయించాడు. అరవై ఏళ్ల సంఘం పుస్తకంలో అంతటి సిగ్గుమాలిన వాక్యం మరొకటి లేదు. అది నా దస్తూరీలో ఉన్నది.

ఆ కోపంతోనే సంఘం బీరువా తెరిచి పాత పుస్తకాలు తిరగేశాను. నోర్బెర్ట్ తండ్రి గెరార్డ్ తన గూటి పుస్తకాలను సంఘానికి ఇచ్చి పోయాడు. అందులో 1964 జూన్ 21వ తేదీ పుట నకలు ఇది: "ఆదివారం. ఓర్లియాన్ పందెం. ఎదురుగాలి. నీలి మగది 1.42కు దిగింది. 2.10కి అబ్బాయి పుట్టాడు. గళ్ల ఆడది 2.31కి దిగింది."

భార్య కింద గదిలో ప్రసవిస్తుంటే, రెండో పావురం దిగేదాకా గెరార్డ్ పావురాల గూడున్న అటక దిగలేదన్నమాట. ఆ సంగతి పొరుగూళ్లో ఉన్న అత్తగారికి తెలిస్తే బతకనివ్వదని, పుట్టుకను పందెం లేని సోమవారానికి జరిపి, మంగళవారం పురపాలక కార్యాలయానికి వెళ్లి "నిన్న పుట్టాడు" అని రాయించాడు. అప్పటి గుమాస్తా మా సంఘంలోనే పందెం గడియారాలు చూసే మనిషి. మంత్రసాని కాగితం అడగలేదు. గెరార్డ్ పావురం గెలిచిందా అని మాత్రం అడిగాడట. ఇది నోర్బెర్ట్ తల్లి, ఎనభై ఎనిమిదేళ్ల వృద్ధురాలు, నాకు చెప్పిన మాట.

పుస్తకం తీసుకుని గోడెలీవ దగ్గరకు వెళ్లాను.

"పెద్దాయన మా గడప తొక్కారే! సూర్యుడు పడమట పొడిచాడా?" అన్నది. పుట చదివింది. "అయ్యో, కర్కాటకం ఇరవై రెండున మొదలు, ఇరవై ఒకటైతే ఈయన మిథునం కదండీ! వాళ్ల గొయ్యే వేరు. కుదిరిన పని వదిలి ఇంకోదాని వెంటపడటమే వాళ్లకి చేటు. కదలకుండా ఉండాల్సింది."

"కదలమన్నది మీరే."

"నేను కర్కాటకానికి చెప్పానండీ. తనది కాని సలహా వాడుకుంటే నన్నంటే ఎలా?"

ఇంత చెప్పి, కాఫీ కావాలా అని అడిగింది. నేను తాగలేదు.

అధ్యక్షునికీ ఆ పుట చూపించాను. "రిజిస్టర్‌లో సోమవారం అని ఉంది. సర్కారు కాగితమే కాగితం. అది మీకు తెలీదా?" అన్నాడు. నా జీవితమంతా నేను అన్న మాటనే నా ముఖాన కొట్టాడు.

నోర్బెర్ట్‌కు చెబుదామని వెళితే, ఆయన నిచ్చెన మీద నిలబడి ఖాళీ గూడు గీకుతున్నాడు. కిందికి దిగలేదు. "పుట్టినరోజు ఒకరోజు ముందుకు జరిగితే నా రెండేళ్లు వెనక్కొస్తాయా? నీ సిఫారసు నేనడిగానా? పోయి నీ కోళ్లకి గింజలెయ్యి." ఇంత అన్నాక, నేను గేటు దాటబోతుండగా, వెనుకనుంచి అడిగాడు: "నీ నీలిది వచ్చిందా?"

రాలేదని చెప్పాను. ఆయన గీకడం ఆపి, ఫ్రాన్సు ఉన్న దక్షిణపు ఆకాశం వైపు చూశాడు.

కావున తమ సముఖమునకు విన్నవించునది: ఏప్రిల్ రెండవ శనివారం తొలి పందెం జరగనున్నది. ఆ లోపుగా నోర్బెర్ట్ కాలెవార్ట్‌ను ఆయన పూర్వపు పనిలో నియమించవలసినదనీ, "రాశి కారణంగా అనర్హుడు" అన్న వాక్యాన్ని మా మినిట్స్ నుండి కొట్టివేయుటకు ఉత్తర్వు ఇవ్వవలసినదనీ కోరుతున్నాను. ఆయన పుట్టిన రోజు ఆదివారమా, సోమవారమా అన్నది తమరు విచారించనవసరం లేదు. ఆయన ఇరవై రెండేళ్లు పావురాలను వదిలిన విడుదల పత్రాలు జతపరిచాను, వాటిని విచారించండి. ఈ ఏటి నా ఏడు పిల్ల పావురాల కాళ్లకు గుర్తింపు ఉంగరాలు తొడిగి సిద్ధంగా ఉంచాను. అవి ఆయన చేతి బుట్టలోనే వెళతాయి, లేనిచో వెళ్లవు.